మడచెట్ల వెనక గోడ

ఫిబ్రవరి 17, సోమవారం

నెమానీ వచ్చాడు. వెనక వరుసలో, కిటికీ పక్కన కూర్చున్నాడు. గదిలో అడుగుపెట్టగానే చూశాను, చూడనట్టు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాను. వాడూ అంతే, తల వంచుకుని బూట్ల వైపు చూశాడు.

టౌన్ల మధ్య పారే ఏళ్ళని ఎలా కాపాడుకోవాలో కౌన్సిళ్ళ ఉద్యోగులకి నేర్పే శిక్షణ ఎక్కడ పెడదామని రాజధాని సువాలో మా ఆఫీసువాళ్ళు అడిగినప్పుడు, వైమోలి ఏటి ఒడ్డున పెట్టండని చెప్పింది నేనే. పాఠం చెప్పేటప్పుడు ఏరు కళ్ళెదుట ఉండాలి కదా. ఈ టౌన్‌లో కట్టుబడి పనులన్నీ చూసేది నా తమ్ముడని నాకు తెలియకపోలేదు. తన కింద పనిచేసేవాళ్ళని ఎవరినైనా పంపుతాడనుకున్నాను. పంపలేదు. పోనీ, నేనేమైనా భయపడుతున్నానా?

నాతోపాటు పాఠం చెప్పడానికి వచ్చిన అప్పల్‌సామి మధ్యాహ్నమే పసిగట్టాడు. అందరినీ పేరుపెట్టి పలకరించి ఆ ఒక్కడినీ వదిలేశారేం అన్నాడు. విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చిన్నాన్న కొడుకు, అంటే మా లెక్కలో సొంత తమ్ముడే. వాడికి మీసం వచ్చినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటల్లేవు. తగవు పడి కాదు, అక్కాతమ్ముళ్ళ మధ్య ఉండవలసిన మర్యాద అది. చెప్పవలసిందేదైనా ఉంటే మూడో మనిషి చేత చెప్పించాలి. సువాలో పిల్లలు ఇదంతా ఎప్పుడో వదిలేశారు, మా ఊరు వదల్లేదు.

అప్పల్‌సామి కాసేపు ఆలోచించి, "అయితే మరామా, ఆ కిటికీ పక్క బల్లకి నేను చెప్తా, మిగతా గది మీరు చూసుకోండి" అన్నాడు. అమ్మగారూ అన్నట్టు మరామా అని పిలుస్తూనే ఆయనకన్నీ వేళాకోళమే.

ఫిబ్రవరి 18

ఒక్కో టౌన్ వాళ్ళనీ లేచి తమ ఏటి గురించి, దానితో ఏం చేయబోతున్నారో చెప్పమన్నాం. కిటికీ పక్క బల్ల వంతు వచ్చేసరికి నేను నీళ్ళు తాగే మిషతో బయటికి వచ్చి, తలుపు వెనక నిలబడి విన్నాను.

ఏరు సముద్రంలో కలిసేముందు తిరిగే వంపులో మడచెట్లన్నీ కొట్టించి, ఆ గట్టున రాతిగోడ కట్టిస్తాడట. వచ్చే బుధవారం పొక్లెయిన్ వస్తుందట. పాఠం అప్పజెప్పినట్టు చెప్పి కూర్చున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత గంటసేపు మడచెట్ల గురించే చెప్పాను. వేళ్ళ మధ్య మట్టి ఎలా నిలుస్తుందో, సముద్రపు పోటు వేగం అక్కడికి వచ్చేసరికి ఎలా చచ్చిపోతుందో, చెట్లు కొట్టిన టౌన్లు ఏమయ్యాయో. అంతసేపూ ఫ్యాను వైపు చూస్తూ చెప్పాను. ఫ్యానుకి బాగా అర్థమై ఉంటుంది.

ఫిబ్రవరి 19

అందరినీ ఏటి వెంట నడిపించాం. వంపు దగ్గర చెట్ల మొదళ్ళకి ఎర్ర రంగు పూసి ఉంది. బురదలో పీతలు పట్టుకుంటున్న ఆడవాళ్ళు నన్ను గుర్తుపట్టి చేతులూపారు. మా ఊరి నుంచి వచ్చి ఆ చెట్ల వెనక రేకుల ఇళ్ళు వేసుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒకామె పైకి వచ్చి ఇంట్లోకి రమ్మంది, గోడ మీద నీటి చారలు చూపిస్తానంది. వెనక ముప్ఫై మంది నడుస్తున్నారు, ఎలా ఆగేది? మళ్ళీ వస్తానన్నాను.

కౌన్సిల్ వ్యాను నడిపేది ఎమోసి బావ. మేనత్త కొడుకు కాబట్టి నన్ను ఎంత మాటైనా అనొచ్చు, అంటాడు కూడా. "ఏం మరదలా, తమ్ముడికి సున్నా మార్కులు వేసేశావా? పాపం వాడి పెళ్ళాం అడుగుతోంది" అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేదు. నెమానీకి ఒక మాట చెప్పమన్నాను: వంపులో చెట్లు కొట్టొద్దు. అంతే. ఎమోసి బావ వాడికి కూడా బావే, ఇద్దరూ సాయంత్రాలు ఒకే గిన్నె చుట్టూ కూర్చుని యంగోనా వేళ్ళ రసం తాగుతారు. కబురు మోయడానికి అంతకంటే తగినవాడు దొరకడు.

ఫిబ్రవరి 20

ఎమోసి బావ మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. చెప్పేశానన్నాడు. "విన్నాడు. కానీ వాడేమన్నాడంటే..." అని మొదలుపెట్టాడు. క్లాసుకి టైమైపోయింది. విన్నాడు కదా, చాలు అని పైకి వచ్చేశాను.

నా మాట చేరింది. వాడు తెలివైనవాడు, ఆలోచించుకుంటాడు. నేను చేయవలసింది చేశాను.

ఫిబ్రవరి 21

ఎర్ర రంగు అలాగే ఉంది. వెళ్ళి చూసి వచ్చాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చి అయ్యాక పిన్ని ఇంట్లో భోజనం. నెమానీ తల్లి. కొబ్బరిపాలలో చేమాకు, దుంపలు, చేప. చిన్నప్పటి రుచే. నేనున్నంతసేపూ నెమానీ వెనక పాకలో ఉన్నాడు, నేను లేచి చేతులు కడుక్కున్నాక వచ్చి తిన్నాడు. వాడి భార్య రెండు వైపులా వడ్డించలేక అలిసిపోయింది.

పిన్ని పాత కబుర్లు తవ్వింది. వాడికి మూడేళ్ళప్పుడు నేను చంకనెత్తుకుని వైమోలి దాటించేదాన్నట. జుట్టు పట్టుకుని ఊగేవాడట. నాకెందుకు గుర్తులేదు, బాగా గుర్తుంది. ఇప్పుడు వాడి జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. వెనక నుంచి చూశాను కాబట్టి తెలుసు.

వంపు దగ్గర ఉండే మా వాళ్ళు ఇద్దరు కూడా వచ్చారు. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు మంచాల కిందికి వస్తున్నాయనీ, ముసలమ్మని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాల్సి వస్తోందనీ అన్నారు. అక్కడివాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉంటారు. నేను పీతల సంగతి ఎత్తాను.

వచ్చేముందు ఎమోసి బావకి మళ్ళీ చెప్పాను. ఈసారి చెట్లు కొట్టేసిన టౌన్ల ఫోటోలు కూడా ఇచ్చాను. వాడికి చూపించు, కొట్టొద్దని నేనన్నానని చెప్పు.

ఫిబ్రవరి 24

బావ మళ్ళీ పట్టుకున్నాడు. నెమానీ ఫోటోలు చూశాడట, ఒక్కొక్కటీ చాలాసేపు చూశాడట. "అన్నీ చూసి మళ్ళీ అదే అంటాడు మరదలా. నువ్వు ఒక్క నిమిషం నిలబడి వింటే..." నిలబడ్డాను, కాని సువా నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసేసరికి బావ వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్లో పెద్ద విషయమేం లేదు.

రెండుసార్లు చెప్పించాను. ఏ అక్కయినా ఇంతకంటే ఏం చేస్తుంది?

సాయంత్రం అప్పల్‌సామి నా ముందు టీ పెట్టి ఊరుకోకుండా కదిపాడు. ఇంత మందికి నేర్పుతున్నాం, గదిలో నిజంగా చెట్లు కొట్టబోతున్నది ఒక్కడే, ఆ ఒక్కడికే మనం ఏమీ చెప్పలేదు అన్నాడు. మా పద్ధతులు మీకు తెలియవన్నాను. తెలుసన్నాడు. నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి పెరుగుతున్నవాళ్ళం, తెలియకేమన్నాడు. "మర్యాద సంగతి సరే మరామా. మీకు భయం వాడితో మాట్లాడటమా, వాడు తిరిగి ఏమంటాడోననా?"

టీ వదిలేసి వచ్చేశాను. చక్కెర ఎక్కువైంది.

ఫిబ్రవరి 25

రేపే బుధవారం. ఎమోసి బావతో మూడోసారి చెప్పించాను. గట్టిగా చెప్పు, బతిమాలినట్టు కాదు అన్నాను. బావ ఈసారి వేళాకోళం చేయలేదు. సరేనని తలూపి వెళ్ళిపోయాడు. పొద్దుగూకేముందు తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి చూశాను. తలనొప్పిగా ఉందని అప్పల్‌సామి చేత చెప్పించాను.

నిజంగానే ఉంది.

ఫిబ్రవరి 26

అక్షరాలు ఎలా పడుతున్నాయో చూసుకోవడం లేదు.

పొద్దున క్లాసులో వాడి కుర్చీ ఖాళీగా ఉంది. ఏటికి దాని చోటు దానికి వదలాలని చెప్తున్నాను. మాట సగంలో ఉండగా పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. గదంతా నా మొహంలోకి చూసింది. పుస్తకం అక్కడే పెట్టి బయటికి నడిచాను. వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు, అందరూ లేచి వస్తున్నారు. రావొద్దని చెప్పే తీరిక లేదు.

వంపు దగ్గర రోడ్డు మీద ఎమోసి బావ వ్యానుకి ఆనుకుని ఉన్నాడు. చొక్కా పట్టుకున్నాను. నువ్వు వాడికి ఏం చెప్పావని అడిగాను.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. మూడుసార్లూ," అన్నాడు. "వాడూ మూడుసార్లూ నిన్ను ఒకటే అడగమన్నాడు. చెప్పబోతే నువ్వు విన్నావా?"

"ఏం అడగమన్నాడు?"

"చెట్లు ఉంచేస్తే వెనకున్న ఇళ్ళ సంగతేంటి, అక్కకి ఏమైనా దారి తెలుసా అని."

తెలుసు. ఎందుకు తెలియదు, అదేగా నా ఉద్యోగం. ఎన్నో టౌన్లలో చెప్పిన పాఠమే. కాని ఈ శిక్షణలో ఆ పాఠం ఆఖరి రోజుకి పెట్టుకున్నాను, అంతకుముందే వాడు చెట్లు కొట్టడం ఆగిపోవాలనుకున్నాను. కొట్టొద్దని మూడుసార్లు అన్నాను, ఏం చేయాలో ఒక్కసారీ అనలేదు. వాళ్ళు మంచాల కింది నీళ్ళ గురించి చెప్తుంటే పీతల సంగతి ఎత్తాను. అక్కడ రోడ్డు మీద నిలబడి నా మీద నాకే అసహ్యం వేసింది.

ముందు పాత అలవాటు ప్రకారమే చేశాను. ఆపమని చెప్పు బావా అన్నాను. బావ గట్టు మీద నుంచి అరిచాడు. యంత్రం హోరులో ఆ అరుపు నాకే సరిగ్గా వినపడలేదు. నెమానీ మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంకో చెట్టు వేళ్ళతో సహా లేచి పక్కకి ఒరిగింది. దాని కింద నుంచి పీతలు నాలుగు వైపులా పరిగెత్తాయి.

అప్పుడు దిగాను. నడుముకి చుట్టుకున్న సులు మోకాళ్ళ దాకా బురదైంది, ఒక చెప్పు ఊడిపోయింది. పొక్లెయిన్ తొండం ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నడిపేవాడు బెదిరిపోయి ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. గట్టు మీద శిక్షణకి వచ్చినవాళ్ళు, ఇళ్ళ ముందు మా ఊరివాళ్ళు, బురదలో నేను, పది అడుగుల దూరంలో వాడు. వాడి వైపు చూడలేకపోయాను. ఏటి వైపు తిరిగి నిలబడ్డాను.

"నెమానీ," అన్నాను. ఆ పేరు వాడికి వినపడేలా పలికి ముప్ఫై ఏళ్ళు దాటింది. "గోడ చెట్లకి వెనక కట్టు."

 ఎమోసి బావ గట్టు మీద నుంచి, "అక్క ఏమంటోందంటే..." అని అందుకున్నాడు. పాపం, అలవాటు. నెమానీ చెయ్యెత్తి ఆపాడు. వాడూ ఏటి వైపే తిరిగాడు.

"వెనక ఇళ్ళున్నాయి," అన్నాడు. అచ్చం చిన్నాన్న గొంతు. ఆ గొంతు వాడికెప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నా దగ్గరున్నది సన్నటి, కీచుమనే పిల్లాడి గొంతు, అదీ జుట్టు పట్టుకుని ఏడ్చేటప్పటిది.

"ముందు వరుస ఇళ్ళు జరుపు. గుంజల మీద కట్టినవేగా, పదిమంది పట్టుకుంటే లేస్తాయి. వాటి వెనక మీ కౌన్సిల్ బళ్ళు పెట్టే జాగా ఉంది, అందులో పెట్టు. పోటు జోరు చెట్లు విరుస్తాయి, మిగిలిన నీళ్ళు గోడ ఆపుతుంది. గోడలో తూములకి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపులు పెట్టు, వాన నీళ్ళు పోతాయి, పోటు నీళ్ళు రావు."

 కాళ్ళు బురదలో దిగిపోతున్నా కదల్లేదు నేను.

"ఆ జాగా నా చేతిలోదే," అన్నాడు చివరికి. ఇంకాసేపటికి, "ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందక్కా?" అన్నాడు.

నువ్వు అడిగావని నాకు తెలియదన్నాను. అది నిజమే. తెలుసుకోకుండా తప్పించుకు తిరిగానన్నది కూడా నిజమే, అది చెప్పలేదు.

వాడు నడిపేవాడి వైపు తిరిగి బండి వెనక్కి తీసుకెళ్ళమన్నాడు. అప్పటికి వంపులో మూడో వంతు చెట్లు పడిపోయి ఉన్నాయి.

ఫిబ్రవరి 27

మిగిలిన చెట్ల మీద రంగు గీకించేశాడు. వాడు క్లాసుకి రాలేదు. చెప్పు దొరకలేదు.

ఫిబ్రవరి 28

శిక్షణ ముగిసింది. పట్టాలు అప్పల్‌సామి ఇచ్చాడు, ఫోటోలో నేను చివర నిలబడ్డాను. నెమానీ రాలేదు, వాడి పట్టా ఎమోసి బావ పట్టుకెళ్ళాడు.

అసలు సంగతి మధ్యాహ్నం ఊళ్ళో జరిగింది. పిన్ని నిన్ననే కబురు పెట్టింది. ఆడది బురదలో దిగి, పదిమంది ఎదుట తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచిందట, వాడు జవాబు చెప్పాడట, ఊరంతా ఇదే మాటట. పెద్దలకి తప్పు చెప్పుకోవాలి. యంగోనా వేళ్ళ కట్ట కొనుక్కుని వెళ్ళి, చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని ముందు పెట్టాను. తప్పయిందని నా తరఫున ఎమోసి బావ చెప్పాడు, ఒక్క నవ్వు కూడా లేకుండా. పెద్దలు కట్ట తీసుకున్నారు. జరిగినదాన్ని ఇక్కడే పూడ్చేశాం, ఇక మీదట అంతా మునుపటిలాగే అన్నారు.

నెమానీ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

లోపలికి వెళ్ళాక పిన్ని నా చెయ్యి పట్టుకుని, అంత అవసరం వచ్చిందా తల్లీ అంది. వచ్చిందన్నాను. ముందు వరుస నాలుగిళ్ళనీ సోమవారం ఎత్తి జరుపుతారట, గుంజలకి గుంతలు తవ్వడం మొదలైందట. వాడి భార్య చెప్పింది. ఉడికించిన పీతలు ఆకులో కట్టి బస్సు దాకా తెచ్చి ఇచ్చింది. ఎవరు ఇమ్మన్నారో చెప్పలేదు, నేనడగలేదు. బస్సులోనే తినేశాను. ఐదు గంటల ప్రయాణంలో ఒక్క క్షణం కునుకు పట్టలేదు.

మార్చి 3

సువా. మే నెలలో కొత్త జట్టు. మొదటి రోజు ఏ పాఠం పెట్టాలో రాసుకుంటూ కూర్చున్నాను. ఏం చేయకూడదో చెప్పే పాఠం ముందు పెట్టాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. లేచి గిన్నెలు తోమాను.

మార్చి 8

ఇళ్ళు జరిగాయట, గోడకి పునాది తీస్తున్నారట. ఎమోసి బావ ఫోన్ చేసి చెప్పాడు. ఇంకేమైనా అన్నాడా అని అడిగాను. ఎవరు అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది. నవ్వాడు. ఏమీ అనలేదట.

మార్చి 13

వాన. రేపు పున్నమి. గోడ ఎంత దాకా లేచిందో తెలియదు. బావ ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 14

వాన.

మార్చి 15, శనివారం

పొద్దున గిన్నెలో జావ చల్లారిపోతోంది, తినాలనిపించలేదు. ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడలేదు, రేకుల మీద వాన చప్పుడు మాత్రం వినిపించింది. ఎవరని రెండుసార్లు అడిగాను.

"నేనే అక్కా."

కుర్చీలో కూర్చున్నాను.

"నీళ్ళు మూడిళ్ళలోకి వచ్చాయి," అన్నాడు. "వెనక వరుసవి. చెట్లున్న వైపు రాలేదు. మనం నరికినచోటు నుంచే వచ్చాయి."

ఎవరికైనా ఏమైనా అయిందా అన్నాను. లేదన్నాడు. ముసలమ్మని వాడే వీపు మీద మోసుకుని స్కూల్లోకి తెచ్చాడట, ఆవిడ దారంతా వాణ్ణి తిడుతూనే ఉందట. గోడ నడుము ఎత్తు దాకా లేచిందట. ఇంకో పది రోజులు దొరికి ఉంటే అని ఆగిపోయాడు.

పది రోజులు. ఆ బుధవారానికి ముందు నా దగ్గర ఉన్నవి సుమారుగా అన్నే. నరికించింది వాడు, ఆలస్యం చేసింది నేను, మనం నరికినచోటు అని వాడన్నదే సరైన లెక్క. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. వాడు విన్నాడు, ఫోన్ పెట్టేయలేదు.

కాసేపటికి, ఆ ఖాళీలో మళ్ళీ మడమొక్కలు నాటితే నిలబడటానికి ఎంతకాలం పడుతుందని అడిగాడు. ఐదారేళ్ళన్నాను. అందాకా ఏం చేయాలన్నాడు. చెప్పాను. వెదుళ్ళతో కంచె కట్టి మట్టి నిలపడం ఎలాగో, మొక్కలు ఏ వేళకి నాటాలో, మేకలని ఎలా ఆపాలో అన్నీ చెప్పాను. వాడు మధ్యలో ఆపి అడిగాడు, నేను మళ్ళీ చెప్పాను. అది కుదరదని ఒకచోట వాదించాడు. వాడన్నదే నిజం, అక్కడ అడుగున రాయి ఉంది. నేను ఒప్పుకున్నాను. ఇంతసేపు వాడితో మాట్లాడింది జన్మలో లేదు.

పెద్దలు పూడ్చిందంతా వాడే మళ్ళీ తవ్వేశాడు. పిన్నికి తెలిస్తే ఇంకో కట్ట కొనాల్సిందే, ఈసారి ఇద్దరం.

రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నాను. వస్తున్నానని వాడికి ఎవరి చేతా కబురు పెట్టలేదు. నేనే చెప్పాను.